క్లచ్ పట్టేసిన ట్రాక్టరు

లింబగుడ,
14 నవంబరు 2024

గాసి మావకి,

అమ్మా నేనూ బాగానే ఉన్నాం, బండే బాగాలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోను చేద్దామంటే నీకు చెవులు వినపడవు. మెసేజ్ పెడదామంటే నీ మీటల ఫోనులో తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తుంది, పైగా మా కొండ మీదికి టవరు ఇంకా ఎక్కలేదు. రేపు అరకు సంతకి వెళ్ళినప్పుడు పోస్టు డబ్బాలో వేస్తాను. మారేడుమిల్లికి ఎన్నాళ్ళకి చేరుతుందో నాకు తెలీదు.

ఆగస్టులో దమ్ము పని అయ్యాక నువ్వే ట్రాక్టరుని పాకలో పెట్టించి వెళ్ళావు కదా. మూడు నెలలు నేను దాని జోలికి పోలేదు. వరి కోతలు మొదలవుతున్నాయని మొన్న బ్యాటరీ ఛార్జింగు చేయించి బిగించాను. న్యూట్రల్లో తాళం తిప్పితే రెండోసారికే అందుకుంది. ఎంత సంతోషపడ్డానో! ఆ సంతోషం చుట్ట కాల్చినంతసేపు కూడా నిలవలేదు. క్లచ్ తొక్కి గేరు వెయ్యబోతే కరకరమని పళ్ళు నూరింది. ఎంత తోసినా గేరు పడదు. ఇంజను ఆపితే అదే గేరు కిక్కురుమనకుండా పడుతుంది. సరే చూద్దామని గేరులోనే ఉంచి, క్లచ్ నేలకంటా తొక్కిపట్టి స్టార్టు చేశాను. బండి ధడేల్మని ఒక్క గెంతు గెంతి పాక గుంజని గుద్దింది. నేను క్లచ్ తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే.

అమ్మ పరుగెత్తుకొచ్చి "ఏటి సేత్తన్నావే గుంటా, పాక కూల్సీసి మనల్ని సంపుతావేటి?" అని అరిచింది. గుంజ పగల్లేదులే, కంగారుపడకు.

అసలు సంగతి చెప్తాను. మా ఏడిళ్ళ వరి పనలూ పల్లంలోంచి కళ్ళంకి నేనే మొయ్యాలి. నిన్న మీటింగు పెట్టారు. ధనుంజయ్ బావ లేచి, తన బావమరిది ట్రాక్టరు ముంచింగిపుట్టు నుంచి తెప్పిస్తానన్నాడు. డిసెంబరు పదిహేను తర్వాతే ఖాళీ అవుతుందట. కానీ అది ఒకసారి ఊళ్ళోకి వస్తే ఇక ప్రతి ఏడూ మోతకీ దమ్ముకీ అదే. "ఆడగుంట సేతికి బండిత్తే ఇలాగే ఉంటాది" అని కూడా అన్నాడు, నా మొహం మీదే. ఆ పదిహేనో తారీకులోగా బండి కదలకపోతే నేను మళ్ళీ కొడవలి పట్టుకుని కూలికి పోవాలి. నాకది ఇష్టం లేదు మావా. నాకు బండి కావాలి. ఏం చెయ్యాలో బేగి రాయి.

నీ మేనకోడలు,
రత్న


మారేడుమిల్లి,
20 నవంబరు

రత్నకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి తల పట్టుకున్నాను. ఒక కాగితం అటూ ఇటూ నింపావు, అందులో నాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు. కరకర అంది, ధడేల్మంది అని రాస్తే చెవిటివాడికి ఏం తెలుస్తుంది? చెవులు బాగున్న రోజుల్లో కూడా నేను శబ్దాన్ని నమ్మి బండి విప్పలేదు. ఇక్కడ టూరిస్టు కాటేజీల జనరేటరు రోజూ నడుపుతున్నాను, దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టే కదా! నీ కాలికి ఏం తెలిసిందో రాయి.

పెడల్ తొక్కితే మొదట రెండు వేళ్ళ మందం వదులుగా దిగి తర్వాత బరువు తగులుతోందా? లేక మొదట్నించీ ఖాళీగా దిగిపోతోందా? ఖాళీగా దిగితే కింద లింకు రాడ్డుకి పిన్ను ఊడి ఉంటుంది. అది పావుగంట పని, దానికింత గోల అక్కర్లేదు. బరువు తగులుతుంటే మాత్రం జబ్బు లోపల ఉన్నట్టు.

లోపల ఏముంటుందో నీకు ఎన్నిసార్లు చెప్పాను, తల ఊపావే గాని వినలేదు. రెండు అరచేతుల మధ్య అప్పడం పెట్టి నొక్కితే ఎలా ఉంటుందో క్లచ్ ప్లేటు అలా ఉంటుంది. ఒక అరచెయ్యి ఇంజను వైపు ఫ్లైవీల్, రెండోది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కితే చేతులు విడిపోవాలి, అప్పడం ఖాళీగా తిరగాలి. నీకు విడిపోవడం లేదు. ఎందుకు విడిపోలేదన్నదే ప్రశ్న.

నేను వచ్చేముందు పెడల్ పూర్తిగా నొక్కి, మద్దిచెక్క ఒకటి ఊతంగా పెట్టి, నారతాడుతో బిగించి కట్టాను. పక్కన నువ్వే ఉన్నావు. ఆ చెక్క ఉన్నంతకాలం ప్లేటు విడిగా ఉంటుంది, వానాకాలం చెమ్మకి తుప్పు పట్టినా అతుక్కోదు. నువ్వు బండి ఎక్కిన రోజు చెక్క పెట్టినచోట ఉందా, లేదా? నాకు ఈ ఒక్క జవాబు ముఖ్యం. లేకపోతే ప్లేటు తుప్పుకి అతుక్కుంది, దానికి నా దగ్గర మందు ఉంది. చెక్క ఉండి కూడా ఇలా అయ్యిందంటే లోపల ప్రెషర్ ప్లేటుని వెనక్కి లాగే ఇనప వేళ్ళు విరిగాయి. డ్రైవరు పెడల్ మీద కాలు ఆన్చి కూర్చుంటే బండికి పట్టే రోగం అది. నీకా అలవాటు ఉంది. దమ్ములో చూశాను, ఊరుకున్నాను.

ధనుంజయ్ మాటలు నాకు రాయకు. వాడు పుట్టినప్పటినుంచీ అంతే. అక్కని అడిగానని చెప్పు.

మావ
గాసి


లింబగుడ,
26 నవంబరు

మావకి,

అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను, మళ్ళీ సోది రాశానని తిట్టకు.

పెడల్ రెండు వేళ్ళ మందం వదులుగా దిగుతోంది, ఆ తర్వాత ఎప్పటిలాగే బరువు తగులుతోంది. బండి కింద పడుకుని చూశాను, లింకు రాడ్డు బాగానే ఉంది, పిన్ను ఉంది. చెక్క పెట్టినచోటే ఉంది. నేనే తాడు విప్పి తీశాను.

ఇక నా కాలి సంగతి. దమ్ములో నేను పెడల్ మీద కాలు ఆన్చానా? మోకాలిలోతు బురదలో ప్రతి గట్టు దగ్గరా ఆపి తిప్పాలంటే క్లచ్ తొక్కకుండా ఎలా తిప్పను? నువ్వు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూసి, అప్పుడు ఒక్క మాట అనకుండా, ఇప్పుడు నూట యాభై మైళ్ళ అవతల నుంచి అంటున్నావు. తప్పు చేస్తే అప్పుడే చెప్పాలి కదా. రెండు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు నేను. అమ్మకి చదివి వినిపించేటప్పుడు కాలి సంగతి మానేసి చదివాను.

శుక్రవారం సంతలో స్పేరు పార్టుల కొట్టు సత్యనారాయణ గారిని అడిగాను. ఆయన పాపం మంచిగానే మాట్లాడారు. "బండిని మధ్యకి రెండుగా విడదీయాలమ్మా, మీ ఊళ్ళో అయ్యే పని కాదు, కిందికి శృంగవరపుకోట దించాలి" అన్నారు. ఎన్నాళ్ళు పడుతుందంటే నెల అన్నారు. నెల తర్వాత నాకెందుకు ఆ బండి?

మూడిళ్ళవాళ్ళు కోసేశారు. పనలు మళ్ళలోనే పడున్నాయి. సముద్రంలో ఏదో అల్పపీడనం అంటున్నారు. ఎవరు ఎదురుపడినా నా మొహం చూసి, పాక వైపు చూసి, మళ్ళీ నా మొహం చూస్తున్నారు. నాకు ఊళ్ళో నడవాలంటే చిరాకుగా ఉంది. నీ మందేదో రాయి.

రత్న


మారేడుమిల్లి,
1 డిసెంబరు

రత్నకి,

మందు లేదు.

చెక్క ఉందన్నావు. లింకు బాగుందన్నావు, బరువు తగులుతోందన్నావు. అన్నీ కూడితే ఒకటే తేలుతుంది. ప్రెషర్ ప్లేటు వేళ్ళు విరిగాయి, లేదా బేరింగు పోయింది. అది పైనుంచి చేసే పని కాదు. సత్యనారాయణ చెప్పిందే నిజం, విడదీయాల్సిందే. ఇక మీద ఆ బండి స్టార్టు చెయ్యకు. విరిగిన ముక్క లోపల తిరిగితే ఉన్నది కూడా పోతుంది.

మా కాటేజీ మేనేజరు చేత సత్యనారాయణకి ఫోను చేయించాను. పదో తారీకున లారీ పంపుతాడు. ఆ లారీ మీదికి ఎక్కించెయ్యండి. బాగుచేస్తే చేస్తాడు, లేదా పార్టులకి ఉంచుకుంటాడు. ఇరవై ఆరేళ్ళు పనిచేసింది, చాలు. మోత ధనుంజయ్‌కి అప్పగించండి, పంట ముఖ్యం.

నువ్వే వచ్చి చూడొచ్చు కదా అని అక్క అనుకుంటుందేమో. ఇది టూరిస్టుల సీజను, నాకు ఒక్క రోజు సెలవు లేదు. వచ్చినా ఏం లాభం? రివర్సులో వెనక అక్క అరుస్తున్నా వినపడక గోడ కూలగొట్టినవాణ్ణి. ఆ రోజే నా చేతిలోంచి తాళం పోయింది.

నీ మీద కోపం లేదు. కొత్తగా నేర్చినవాళ్ళ కాలు అలాగే ఉంటుంది. కానీ ఇంకోసారి ఎవరి బండైనా నడిపితే కాలు దించి పెట్టుకో.

గాసి


లింబగుడ,
5 డిసెంబరు

మావా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. పాడేరు దాకా జీపులో వెళ్ళి డొంకరాయి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అక్కడ ఇంకో బస్సువాళ్ళకి మారుస్తానన్నాడు. రేపటికి నీకు అందాలి. చదివిన వెంటనే లారీ ఆపించు.

చెక్క లేదు. నేను అబద్ధం రాశాను.

నేను బండి ఎక్కిన రోజు చెక్క లేదు, తాడూ లేదు. వెళ్ళేముందు నువ్వే మళ్ళీ తీసేశావనుకుని పట్టించుకోలేదు. నీ ఉత్తరం వచ్చాక అమ్మని అడిగితే కూలబడిపోయింది. కొత్త కొర్ర పండగనాడు తీసేసిందట. మన ఇంటి పద్ధతి నీకు నేను చెప్పాలా? ఆ పొద్దున కొత్త కూడు పొయ్యి మీద పెట్టేలోగా ఇంట్లో కట్టున్నదేదీ కట్టుగా ఉండకూడదు. ఎద్దుల పలుపులు విప్పుతాం, కాడి పగ్గాలు విప్పుతాం, నాగలి చీల ఊడదీస్తాం, జడలు కూడా విప్పుకుంటాం. ఎద్దుల్ని అమ్మేసి ఆరేళ్ళయింది. మనకి దున్నేది ఇప్పుడు ట్రాక్టరే. అమ్మ పాకలోకి వెళ్ళి చూస్తే దాని కాలు మడిచి తాడుతో కట్టేసి ఉంది. "పండగపూట మన ఎద్దుని కట్టీసి మనం కొత్తన్నం తింటామేటి?" అనుకుని విప్పేసింది. విప్పి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు వాన. పాక కప్పు కూడా కారుతోంది.

నాకు చెప్పి కాళ్ళా వేళ్ళా పడింది. "గాసిగాడికి రాయకే. ఆడి సేతిలోంచి తాళం లాగేసినదాన్ని నేనే. ఇప్పుడు బండిని సంపినదాన్ని కూడా నేనేనని తెలిత్తే ఆడు ఈ గుమ్మం తొక్కడు" అని ఏడ్చింది. అందుకని రాయలేదు. చెక్క ఉందంటే ఏమవుతుందిలే, మందు ఎలాగూ రాస్తావనుకున్నాను. నా అబద్ధం నమ్మి నువ్వు జబ్బు తేల్చావు. తప్పు నాదే.

కానీ మావా, నువ్వూ తక్కువేం కాదు. చెక్క ఉందని రాయగానే నా కాలి మీదికి తోసేశావు. మళ్ళీ అడగలేదు, అనుమానం రాలేదు. ఎప్పుడూ లేనిది ఒక్క ఉత్తరంలో బండిని పార్టులకి ఇచ్చేశావు. నా బతుకు ఆ లారీ మీద ఎక్కించేశావు. కోపం లేదు అని రాశావు చూడు, అది చదివితే నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు.

తుఫాను పదకొండుకో పన్నెండుకో అంటున్నారు. ఏడిళ్ళ పనలూ మళ్ళలో ఉన్నాయి. ధనుంజయ్ బావ ట్రాక్టరు పదిహేను దాకా రాదు. అతుక్కుంటే మందుంది అన్నావు కదా. అదేంటో ఇప్పుడు రాయి.

రత్న


మారేడుమిల్లి,
7 డిసెంబరు

రత్నకి,

నీ ఉత్తరం నిన్న చీకటిపడ్డాక అందింది. మొదట చాలా తిట్టాను. మేనేజరు భయపడి బయటికి వచ్చాడు, నేను ఎంత గట్టిగా అరుస్తున్నానో నాకు తెలియదు కదా. మెకానిక్కుకి అబద్ధం చెప్పకూడదు. కడుపునొప్పి అయితే డాక్టరుకి కాలునొప్పి అని చెప్తావా? నీ మీద ఈ కోపం ఒక ఏడాది ఉంటుంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే నా మీద నాకే కోపమొచ్చింది. ఆ ఇంట్లో యాభై ఏళ్ళు కొత్త కొర్ర తిన్నవాణ్ణి. చిన్నప్పుడు నాగలి చీల ఊడదీసే పని నాదే. పండగకి ముందు తాడు కట్టి వెళ్ళిపోతూ, ఇది పండగనాడు ఉండదన్న సంగతి నాకు తట్టలేదు. అక్క చేసింది తప్పు కాదు. పండగయ్యాక మళ్ళీ కట్టమని చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు.

ఇప్పుడు పని చెప్తాను, తొందరపడకుండా రెండుసార్లు చదువు. ముందు బండిని న్యూట్రల్లో స్టార్టు చేసి అరగంట నడవనీ, ఇనుము బాగా వేడెక్కాలి. ఆపి, పెడల్ నొక్కి, చెక్క మళ్ళీ బిగించు. ఒక రాత్రి అలా ఉంచితే ఒక్కోసారి దానంతటదే వదులుతుంది. వదలకపోతే మర్నాడు పిల్లల బడి వెనక మైదానానికి తీసుకెళ్ళు. పల్లం వైపు మాత్రం వద్దు, ఎంత తొందరున్నా వద్దు. ఎదురుగా మనిషి గాని మేక గాని ఉండకూడదు. బ్రేకు పెడళ్ళు రెంటినీ కలిపి కొక్కెం వెయ్యి, లేదంటే బండి ఒక పక్కకి తిరిగి బోల్తా పడుతుంది. ముందు బ్రేకులు పట్టుకుంటున్నాయో లేదో చూసుకో.

ఇంజను ఆపి మూడో గేరు వెయ్యి. మొదటి గేరు వద్దు, దాని బలానికి బ్రేకు చాలదు. క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టు చెయ్యి. బండి కదులుతుంది, కదలనీ. కొంచెం వేగం అందుకోగానే, క్లచ్ మీది కాలు తియ్యకుండానే, రెండో కాలితో బ్రేకు గట్టిగా తొక్కు. ఇంజను ముందుకి లాగుతుంది, చక్రాలు వద్దంటాయి, మధ్యలో అతుక్కున్న ప్లేటు ఊడి రావాలి. ఇంజను ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టు. పది సార్లు చెయ్యి, ఇరవై సార్లు చెయ్యి. అది వదిలినప్పుడు నీ కాలికి తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

సత్యనారాయణకి నాలుగుసార్లు ఫోను చేయించాను, ఎత్తడం లేదు. లారీ వస్తే నువ్వే చూసుకో.

నీ కాలి గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

గాసి


లింబగుడ,
14 డిసెంబరు

మావకి,

వదిలింది.

నీ ఉత్తరం బస్సువాళ్ళ చేతుల మీదుగా ఎనిమిదిన సాయంత్రం అందింది. ఆ రాత్రే వేడెక్కించి చెక్క బిగించాం. తాడు అమ్మే కట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తెల్లారి చూస్తే ఏమీ వదల్లేదు. మైదానానికి తీసుకెళ్ళడమే ఒక యుద్ధం, గేరులో స్టార్టు చేస్తే ఆగదు, ఆపాలంటే ఇంజను ఆర్పాలి. ఊరంతా దూరంగా నిలబడి చూశారు. తొమ్మిదో తారీకు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పద్నాలుగు సార్లు చేశాను. ప్రతిసారీ ఇంజను ఆగిపోయేది. ఒకసారి నా నుదురు వెళ్ళి స్టీరింగుకి కొట్టుకుంది. ధనుంజయ్ బావ "ఒగ్గీయే రత్నా, దెబ్బలు తింతావు" అన్నాడు. నీకు అక్షరం రాయకూడనంత బూతు ఒకటి అన్నాను అతన్ని. తర్వాత బండి దిగి చక్రానికి ఆనుకుని కాసేపు ఏడ్చాను. నీ మీద, అమ్మ మీద, ఆ తుప్పు మీద, అందరి మీదా.

పదిహేనోసారి బ్రేకు తొక్కితే ఇంజను ఆగలేదు. ఎడమకాలి కింద ఏదో టక్కున జారినట్టయింది, బండి నిలబడిపోయింది, ఇంజను మాత్రం హాయిగా తిరుగుతోంది. కాలు తీస్తే మళ్ళీ పట్టేస్తుందేమోనని భయమేసి చాలాసేపు తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి పదకొండు సాయంత్రం దాకా నిద్ర లేదు. ఆరిళ్ళ పనలు కళ్ళంకి చేర్చాను, ధనుంజయ్ బావవి కూడా. మనవి చివర పెట్టుకున్నాను. మన మడి దగ్గరికి వెళ్ళేసరికి వాన దిగిపోయింది. మనవి సగం తడిసి మొలకెత్తాయి. అమ్మ కూర్చుని పనలు విడదీసి ఆరబెడుతోంది. వారం ముందు నిజం రాసి ఉంటే అవి కూడా ఇంట్లో ఉండేవి.

లారీ పదిన రాలేదు. పన్నెండున, కుండపోతలో వచ్చింది. కల్వర్టు దాటాక ఎర్రమట్టిలో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. డ్రైవరు తడిసి ముద్దయి ఊళ్ళోకి నడిచొచ్చి "చెడిపోయిన ట్రాక్టరు ఎక్కడుందమ్మా, లారీ దిగబడింది, ఎవరినైనా పిలవండి" అన్నాడు. నేను అప్పుడు దాని మీదే కూర్చుని ఉన్నాను. గొలుసు తీసుకెళ్ళి లారీని రోడ్డెక్కించాను. ఇదేనా తీసుకెళ్ళాల్సిన బండి అని అడిగాడు. ఇదే అన్నాను. అతను కాసేపు బండిని, కాసేపు నన్ను చూసి, ఖాళీ లారీ తోలుకుని కిందికి వెళ్ళిపోయాడు.

సత్యనారాయణ గారికి నేను చెప్పుకుంటాను. నువ్వు ఫోను చేయించకు.

రత్న


మారేడుమిల్లి,
21 డిసెంబరు

రత్నకి, అక్క సోములమ్మకి,

ఈ ఉత్తరం అక్కకి మొత్తం చదువు. నచ్చని ముక్కలు మానెయ్యడం నీకు అలవాటని ఇప్పుడు తెలిసింది, ఈసారి మానెయ్యకు.

అక్కా, తాళం లాక్కున్నందుకు నీ మీద నాకు కోపం ఉంది. రెండేళ్ళయినా పోలేదు. లాక్కోవడం మంచి పనే అని తెలిసి కూడా పోలేదు. ఆ కోపంతోనే సెలవు లేదని రాశాను. అడిగితే ఇచ్చేవాళ్ళు, నేను అడగలేదు.

రత్నా, నువ్వు ఒక మాట రాశావు. చెక్క ఉందనగానే మళ్ళీ అడగలేదు, ఒక్క ఉత్తరంలో బండిని పార్టులకి ఇచ్చేశావు అని. ఆ మాట నన్ను పదిహేను రోజులుగా తింటోంది. నీ జవాబులో తిరకాసు ఉందని నాకు అప్పుడే అనిపించింది. పెడల్ బరువు ఎప్పటిలాగే ఉందంటే వేళ్ళు విరిగి ఉండకపోవచ్చు. అది నాకు తెలియనిది కాదు. ఇంకొక ఉత్తరం రాసి అడగాల్సింది. అడగలేదు. బండి పోయిందని కాగితం మీద రాసినప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. నేను ఎక్కలేని బండి మీద ఇక ఎవరూ ఎక్కరు కదా అని. నీ బతుకు దాని మీద ఉందని తెలిసి కూడా అలా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నువ్వు నీ అబద్ధం ఒప్పుకున్నాక నేను నాది దాచుకుంటే బాగుండదు. మీ వరి తడవడంలో నా చెయ్యి కూడా ఉంది.

ఆర్‌సీ కాగితం నా పెట్టెలో ఉంది. తెస్తాను, పాడేరు ఆఫీసులో నీ పేరు మీదికి మార్పిద్దాం.

సంక్రాంతి టూరిస్టులు పోయాక పది రోజులు సెలవు అడిగాను, ఇచ్చారు. పాక కప్పు వేద్దాం, బ్రేకు లైనింగులు కూడా అరిగి ఉంటాయి, పదిహేనుసార్లు తొక్కావు. పాడేరు బస్టాండుకి బండి తీసుకురా. నువ్వు నడుపు. నేను మడ్‌గార్డు మీద కూర్చుంటాను, కాలు గురించి ఒక్క మాట అనను.

గాసి